టీచరమ్మ ఎడమ చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక రోగం పేరు పైకి అనకూడదు. మా నాన్నమ్మ ఒప్పుకునేది కాదు. తప్పనిసరై చెప్పాల్సి వస్తే గొంతు తగ్గించి 'పెద్దరోగం' అనేది, ఆ వెంటనే కొంగుతో నోరు తుడుచుకునేది. మాది పొద్దునా సాయంత్రం ఏసయ్య ప్రార్థన జరిగే ఇల్లు. పిల్లల జ్వరాలకీ, పక్కింటివాళ్ళ దగ్గులకీ, పోర్టులో సరుకులెత్తే వించి నడిపే మా నాన్న క్షేమానికీ నాన్నమ్మ పేరుపేరునా ప్రార్థించేది. ఆ ఒక్క రోగాన్ని మాత్రం ప్రార్థనలోకి కూడా రానిచ్చేది కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పెద్దవాళ్ళకు కొన్ని పట్టింపులుంటాయి, అంతే అనుకునేదాన్ని.

అప్పుడు మేము కంచరపాలెంలో ఉండేవాళ్ళం. పట్టాలకు ఎంత దగ్గరంటే, ఇనుపరాయి మోసుకుపోయే గూడ్సుబండి వెళ్ళినప్పుడల్లా గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. డెబ్భైల చివరి రోజులు. నాకు పదేళ్ళు, ఐదో తరగతి చదువుతున్నాను. నా తర్వాత ఎనిమిదేళ్ళకు పుట్టిన చెల్లి ఒకతి ఉండేది. బడి నుంచి రాగానే దాన్ని చంకనేసుకుని వీధంతా తిప్పడమే నా పని. నా చంకలో ఉంటే తప్ప అది అన్నం ముద్ద మింగేది కాదు.

ఎండలు మొదలవుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ఒక ముసలావిడ మా గుమ్మం దగ్గరికి వచ్చి నీళ్ళడిగింది. కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుంది. చేతివేళ్ళు సగం సగమే ఉన్నాయి. నాన్నమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆవిడ పట్టుకున్న డబ్బాలోకి పైనుంచి, చాలా పైనుంచి పోసింది. ఆవిడ తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత నాన్నమ్మ గుమ్మాన్ని ఫినాయిలు వేసి మూడుసార్లు కడిగింది. కడుగుతూ మధ్యమధ్యలో ఆవిడ వెళ్ళిన వైపు తొంగిచూసింది.

"ఆవిడికి ఏటయ్యింది నాన్నమ్మా?" అని అడిగాను.

"పెద్దరోగం. దేవుడి కోపం తగిలినోళ్ళకి వత్తాది. నువ్వలగ గుడ్లప్పగించి సూడకు, లోపలికెల్లు."

ఆ రోజుకి అది నన్ను తాకిన మాట కాదు. లోపలికి వెళ్ళి చెల్లితో ఆడుకున్నాను. నెల తిరిగేసరికి తాకింది.

స్నానం చేస్తుండగా ఎడమ మోచేతికి పైన, వెనకవైపు, పావలాబిళ్ళంత మచ్చ ఒకటి కనబడింది. చుట్టూ ఉన్న ఒంటి రంగుకన్నా పాలిపోయి, పొడిగా ఉంది. ఏదో శోభిమచ్చ అనుకుని ఊరుకున్నాను. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని పాఠం చదువుకుంటున్నాను. అమ్మ అప్పుడే దించిన గంజిగిన్నె నా వెనకే ఉంది. నేను దానికి చెయ్యి ఆనించి కూర్చున్నానని నాకే తెలియదు. మర్నాడు పొద్దున సరిగ్గా ఆ మచ్చ మీదే ఇంత బొబ్బ లేచింది. నొప్పి లేదు, మంట లేదు. ఎప్పుడు కాలిందో కూడా గుర్తు లేదు. అమ్మ కుట్టుపని డబ్బాలోంచి సూది తీసి, బొబ్బ పక్కన మెల్లగా గుచ్చి చూసుకున్నాను. ఏమీ తెలియలేదు. ఇంకొంచెం గట్టిగా గుచ్చాను. రక్తపు చుక్క వచ్చింది గానీ నొప్పి రాలేదు.

అంతకు కొన్ని నెలల ముందు మా బడికి ఒకాయన బొమ్మల పటాలు పట్టుకుని వచ్చాడు. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ ఉంటే దాచుకోవద్దని, ఆసుపత్రికి రమ్మని, మందులతో తగ్గిపోతుందని చెప్పాడు. పాపం, ఆయన మంచి మాటే చెప్పాడు. నాకు మాత్రం ఆయన మాటలేవీ గుర్తు రాలేదు. పటంలోని వేళ్ళు లేని చేతులు గుర్తొచ్చాయి. మా గుమ్మంలో నీళ్ళు తాగిన ముసలావిడ గుర్తొచ్చింది. దేవుడి కోపం అన్న నాన్నమ్మ మాట గుర్తొచ్చింది.

దేవుడికి నా మీద కోపం ఎందుకొచ్చిందా అని ఆలోచించడం మొదలుపెట్టాను. పదేళ్ళ పిల్లకు ఉండే పాపాలన్నీ వెతికాను. చెల్లికి తినిపించమని ఇచ్చిన అరటిపండులో సగం నేనే తిన్నాను. గుళ్ళో ప్రార్థన జరుగుతుంటే కళ్ళు తెరిచి ఎవరెవరు కునుకుతున్నారో లెక్కపెట్టాను. ఈ రెండోదే అయి ఉంటుందని తీర్మానించుకున్నాను. దేవుడు అన్నీ చూస్తాడని నాన్నమ్మ ఎప్పుడూ అనేది. అంటే ఆయన నన్ను చూసేశాడన్నమాట. అప్పటినుంచి ప్రార్థనలో కళ్ళు ఎంత గట్టిగా మూసుకునేదాన్నంటే, తెరిచాక కాసేపు చుక్కలు కనబడేవి. మచ్చ మాత్రం ఉన్నచోటే ఉంది.

అమ్మను బతిమాలి మోచేయి దిగే చేతులున్న జాకెట్లు కుట్టించుకున్నాను. అమ్మ నవ్వింది. మా సండేస్కూలు టీచరమ్మను చూసి మోజు పడ్డాననుకుంది. టీచరమ్మ ఎప్పుడూ తెల్లటి వాయిలు చీర, మోచేయి దాటిన చేతుల జాకెట్టు వేసుకునేవారు. ముప్పై అయిదేళ్ళు దాటి ఉంటాయేమో. పెళ్ళి చేసుకోలేదు. ఒక చిన్న బళ్ళో పాఠాలు చెబుతూ, గుడి వెనక సందులో ఒంటరిగా అద్దెకుండేవారు. నల్లట్ట పెద్ద బైబిలు ఎడమ అరచేతిలో పెట్టుకుని గుండెకు ఆనించుకుని నడిచి వచ్చేవారు. కథ చెప్పేటప్పుడూ, పాట నేర్పేటప్పుడూ ఆ బైబిలు చేతిలోంచి దిగేది కాదు. ఎంత భక్తో అని పెద్దవాళ్ళు మెచ్చుకునేవారు. ఆవిడంటే పిల్లలందరికీ ప్రాణం. నేనూ ఆవిడలా ఉండాలనుకుంటున్నానని అమ్మ సంబరపడిపోయింది.

జాకెట్టు సంగతి బాగానే గడిచింది. చెల్లి సంగతే గడవలేదు. నా రోగం దానికి అంటుతుందని నా భయం. బడి నుంచి రాగానే అది చేతులు చాపి నా మీదికి వచ్చేది, నేను పక్కకు తప్పుకునేదాన్ని. నా కాళ్ళ వెంట పడి ఏడ్చేది. అమ్మ తిట్టింది, ఒకసారి వీపు మీద ఒక్కటిచ్చింది కూడా. అమ్మ కొట్టినందుకు నాకు ఏడుపు రాలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాక, చెల్లి పాక్కుంటూ వచ్చి నా జడ పట్టుకుంటే వచ్చింది. దాని చెయ్యి విడిపించి అమ్మ పక్కకు నెట్టేశాను. ఆ రోజుల్లో నాన్నమ్మ కూడా నావైపు అదోలా చూసేది. నాతో ఏదో అనబోయి, మళ్ళీ ఊరుకునేది. నేను ఎప్పటికైనా ఈ ఇంట్లోంచి వెళ్ళిపోవాల్సిన దాన్నే అనుకున్నాను. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరు తీసుకెళ్తారో తెలియదు. గూడ్సుబండి వెళ్తుంటే, అందులో ఎక్కించి పంపేస్తారేమో అనుకునేదాన్ని.

ఇలా నెల పైనే గడిచింది. ఒక ఆదివారం సండేస్కూల్లో టీచరమ్మ ఏసయ్య కుష్ఠురోగిని బాగుచేసిన కథ చెప్పారు. కథ చెప్పాక మా చేత ఆడించడం ఆవిడకు అలవాటు. ఏసయ్యగా ఉంటామని అందరూ చేతులెత్తారు. "మరి రోగి ఎవరు?" అంటే ఒక్కరూ ఎత్తలేదు. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ, "నువ్వంటే నువ్వు" అని నవ్వుకుంటున్నారు. ఏ పాత్ర ఇచ్చినా కాదనని పిల్లని కాబట్టి టీచరమ్మ నావైపు చూసి, "నువ్వు సేత్తావా అమ్మా?" అన్నారు. అన్నీ తెలిసే అడిగారనిపించింది నాకు. అందరికీ తెలిసిపోయిందనిపించింది.

"నాను కాదు! నాకేటీ నేదు! నాకే మచ్చా నేదు!" అని అరిచి, చాప మీంచి లేచి బయటికి పరిగెత్తాను.

గుడి వెనక, పట్టాల వైపు, నీళ్ళ తొట్టి ఒకటి ఉండేది. దాని చాటున కూలబడ్డాను. నోరు జారానని అక్కడ కూర్చున్నాక గానీ తెలియలేదు. మచ్చ అన్న మాట ఎవరూ అనలేదు. నేనే అన్నాను. ఇంక అయిపోయింది అనుకున్నాను.

టీచరమ్మ వెంటనే రాలేదు. పిల్లలందరినీ పాట పాడమని చెప్పి, కాసేపటికి వచ్చారు. నేను మోకాళ్ళలో తల పెట్టుకుని ఉన్నాను. ఆవిడ ఏమిటి, ఎందుకు అని అడగలేదు. నా పక్కన మట్టిలోనే, తెల్లచీరతో కూర్చున్నారు. లోపల పిల్లలు పాడుతున్న పాట రెండు చరణాలు విన్నాం. తర్వాత చేతిలోని బైబిలు తీసి తొట్టి గట్టు మీద పెట్టారు. ఆవిడ చేతిలో అది లేకుండా నేను చూడటం అదే మొదటిసారి.

"ఇదిగో, నా సెయ్యి సూడు" అన్నారు.

ఎడమ చేతి చిటికెనవేలూ దాని పక్క వేలూ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ఆవిడ కుడిచేత్తో వాటిని తెరిచి చూపించారు. వదిలేస్తే మళ్ళీ ముడుచుకున్నాయి.

"నాకు ఇరవయ్యేళ్ళప్పుడు వచ్చింది. టీచరు ట్రైనింగులో ఉన్నాను. దూరంగా ఒక ఆసుపత్రికెళ్ళి ఏళ్ళ తరబడి మాత్రలు మింగాను. రోగం పూర్తిగా పోయింది, ఇంక నీ వల్ల ఎవరికీ రాదు అని డాక్టర్లు సెప్పీసారు. వేళ్ళు మాత్రం ఇలాగే ఉండిపోయాయి. ఎవరూ ఎరగని ఊరని ఇక్కడికొచ్చాను. రోగం పోయింది గానీ భయం పోలేదమ్మా. ఈ సెయ్యి ఎవరి కంటా పడకుండా బైబిలు కింద దాసుకుని తిరుగుతన్నాను. పదేళ్ళయింది."

నేను తల ఎత్తి ఆవిడ ముఖం చూశాను. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. పెద్దవాళ్ళు కూడా భయపడతారని నాకు అప్పటిదాకా తెలియదు. భయపడుతూ కూడా అంత బాగా పాటలు పాడగలరని, పిల్లల్ని నవ్వించగలరని అంతకన్నా తెలియదు. ఆవిడ అడగకుండానే జాకెట్టు చెయ్యి పైకి మడిచాను.

టీచరమ్మ నన్ను కళ్ళు మూసుకోమన్నారు. అక్కడ పడి ఉన్న కోడి ఈక ఒకటి తీసి, ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టి చూపించమన్నారు. ముంజేతి మీద చూపించాను, భుజం మీద చూపించాను. తర్వాత చాలాసేపు ఆవిడ ఏమీ చెయ్యట్లేదనుకుని, "తాకండి టీచరమ్మా" అన్నాను.

"తాకుతున్నాను తల్లీ" అన్నారు.

కళ్ళు తెరిచి చూస్తే ఈక మచ్చ మీదే ఉంది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. కళ్ళు తెరిచి ప్రార్థన చేసినందుకు దేవుడు కోప్పడ్డాడని, నాకు తెలుసని, ఇంకెప్పుడూ తెరవనని ఏడుపులోనే చెప్పేశాను. టీచరమ్మ మొదట తెల్లబోయారు. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, ఆ ముడుచుకున్న వేళ్ళున్న చేతినే నా మచ్చ మీద వేశారు.

"ఎవరు సెప్పారే నీకు ఆ మాట? ఇప్పుడు సెప్పిన కథలో ఏసయ్య ఏటి సేసాడు? రోగం పోయాక ముట్టుకున్నాడా? ముందే ముట్టుకున్నాడు. ఒళ్ళంతా రోగం ఉండగా, ఊరంతా దూరంగా నిలబడి సూత్తుండగా, సెయ్యి సాపి ముట్టుకున్నాడు. కోపం ఉన్నోడు అలగ ముట్టుకుంటాడా?"

నేను కాదన్నట్టు తలూపాను. ఆవిడ నాతో కాదు, తనలో తాను అన్నట్టు మెల్లగా అన్నారు. "పదేళ్ళబట్టి మీకందరికీ ఈ కథ సెప్తన్నాను. నా సెయ్యి మాత్రం ఆయనకి కూడా సూపించలేదు."

ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది. కానీ దేవుడు అన్నీ చూస్తాడన్న మాటలోని భయం మాత్రం అక్కడే, ఆ మట్టిలోనే పోయింది. చూసేవాడు చెయ్యి చాపేవాడు కూడా అయితే, ఇంక చూడనీ అనిపించింది.

ఆ తర్వాత ఆవిడ అడిగిన మాట ఒకటి నాకు ఇప్పటికీ గుర్తే. "మీ అమ్మకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా, ఇద్దరం కలిసి సెప్దామా?" అన్నారు. నా రహస్యం నాదేనన్నట్టు, నా అనుమతి లేకుండా ముట్టుకోనన్నట్టు అడిగారు. కలిసి చెబుదామన్నాను. నాన్నమ్మకు మాత్రం వద్దన్నాను.

మధ్యాహ్నం నాన్నమ్మ పక్కింటికి వెళ్ళిన సమయం చూసి ఇద్దరం అమ్మకు చెప్పాం. టీచరమ్మ ముందు తన చెయ్యి చూపించారు, తర్వాత నేను నాది చూపించాను. అమ్మ గోడకు జారగిలబడిపోయింది. తిడుతుందేమోనని నేను టీచరమ్మ వెనక్కి జరిగాను. అమ్మ నన్ను లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నెల్లాళ్ళు నా పక్కలో పడుకుని ఇంత బరువు ఒక్కర్తివే మోసావా? దీనికోసరమా సెల్లిని ఎత్తుకోటం మానీసావు? నాను కొట్టాను కూడానే తల్లీ" అని ఏడ్చింది. నాకు ఆ ఏడుపు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ రాత్రి అమ్మ నాన్నకు చెప్పినట్టుంది. పొద్దున పనికి వెళ్తూ నాన్న నా తల మీద చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచి వెళ్ళాడు.

ఆ రోజే అమ్మా టీచరమ్మా నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు నెమ్మదస్తుడు. వేడినీళ్ళ గొట్టం, చన్నీళ్ళ గొట్టం మచ్చకు ఆనించి చూశాడు, మెడ దగ్గరా మోచేతి దగ్గరా నరాలు తడిమి చూశాడు. చూసి, "ఇది మొదట్లోనే పట్టుబడింది. మాత్రలు వేసుకుంటే పోతుంది. వేళ్ళకేమీ కాదు" అన్నాడు. అమ్మ ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. నాకు కావలసింది ఇంకోటి ఉంది. అడగడానికి ధైర్యం చాలక టీచరమ్మ కొంగు లాగాను. ఆవిడ, "నువ్వే అడుగు" అన్నారు.

"మా సెల్లిని ఎత్తుకోవచ్చా అండీ?"

డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి నావైపు చూశాడు. "ఎత్తుకో. ముద్దు కూడా పెట్టుకో. నీకున్న రకం ఎవరికీ అంటదు" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి చెల్లి గుమ్మంలో కూర్చుని గరిటెతో నేల కొడుతోంది. నన్ను చూసి ఈసారి చేతులు చాపలేదు. నెలరోజులు తోసేశాను కదా, అలిగింది. నేనే వెళ్ళి ఎత్తుకున్నాను. కాసేపు బిగుసుకుని ఉండి, తర్వాత తల నా భుజం మీద వాల్చేసింది. ఆ సాయంత్రం చీకటి పడేదాకా వీధిలో తిరుగుతూనే ఉన్నాం.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది నా ఒక్కదాని కథే అయ్యేది. ఆ వచ్చే ఆదివారం నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల రోజు. మా గుళ్ళో అందరూ ఒక్కొక్కరుగా ముందుకు వచ్చి, రొట్టెముక్క తీసుకుని, ఒకే గిన్నెలోంచి ఒక గుక్క ద్రాక్షరసం తాగేవారు. టీచరమ్మ ప్రతిసారీ అందరికన్నా ఆఖరున వెళ్ళేవారు. అది కూడా వినయమనే అనుకునేవాళ్ళం. బల్లకు ముందు పాస్టరు అయ్యగారు, దేవుడు తమకు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. టీచరమ్మ లేచారు. చేతిలో బైబిలు లేదు. బెంచీ మీద వదిలేసి వచ్చారు.

నా పేరు ఎత్తలేదు, నా ఊసు రానివ్వలేదు. తన సంగతే చెప్పారు. చెబుతూ ఎడమ చెయ్యి పైకెత్తి అందరికీ కనబడేలా చూపించారు. "దేవుడు నన్ను బాగుసేసి పదేళ్ళయినా, నాను మాత్రం సిగ్గుతోటే బతికాను. మీరు నన్ను ఎలివేస్తారని భయపడ్డాను. పిల్లలకి భయపడొద్దని సెప్పి, నాను భయపడి దాక్కోటం ఇంక నా వల్ల కాదు. అందుకు సెప్తన్నాను" అన్నారు. మొదట్లో ఆవిడ గొంతు వెనక బెంచీలకు వినబడలేదు. చివరికి వచ్చేసరికి, మాకు పాట నేర్పేటప్పటి గొంతు అయిపోయింది.

 ముందు వరసలో ఒకావిడ తన పిల్లను దగ్గరికి లాక్కుంది. వెనక ఎవరో గుసగుసలాడారు. గుడి పెద్ద ఒకాయన అయ్యగారి చెవిలో ఏదో చెప్పాడు. అయ్యగారు వయసులో చిన్నవాడు. గిన్నె చేత పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. "నాను ఎప్పట్లాగే ఆఖర్న తీసుకుంటాను, మీరు కానీండి" అని టీచరమ్మ పక్కకు జరిగారు. అయినా ఎవరూ కదల్లేదు. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆవిడకు ఏమైనా అయితే అది నా వల్లేనని నాకు తెలుసు.

అప్పుడు మా నాన్నమ్మ లేచింది.

 గుమ్మాన్ని మూడుసార్లు కడిగిన మనిషి. ఏం అంటుందో, ఎలా తిడుతుందో అని కళ్ళు మూసుకున్నాను. నాన్నమ్మ మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూ ముందుదాకా నడిచి వెళ్ళి, టీచరమ్మ ముందు నిలబడింది. ఆ ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ముడుచుకున్న వేళ్ళను చాలాసేపు నిమిరింది.

"టీచరమ్మా, నువ్వు ముందు తీసుకో. నీ ఎనక నాను తీసుకుంటాను" అంది.

టీచరమ్మ వద్దన్నట్టు తలూపారు. నాన్నమ్మ ఒప్పుకోలేదు. అయ్యగారి ముఖం తేటపడింది. టీచరమ్మ గిన్నె అందుకుని తాగారు. నాన్నమ్మ అదే గిన్నె, అదే చోట పెదవులు ఆనించి తాగింది. తాగాక, కొంగుతో నోరు తుడుచుకోలేదు. తర్వాత మా అమ్మ లేచింది, నాన్న లేచాడు. ఒక్కొక్కరే లేచారు. అందరూ అనను. గుడి పెద్ద ఆ రోజు తీసుకోలేదు. మూడు నాలుగు ఇళ్ళవాళ్ళు కొన్నాళ్ళు పిల్లల్ని సండేస్కూలుకు పంపలేదు. వాళ్ళలో ఒకరిద్దరు ఆ తర్వాత కూడా రాలేదు. కానీ టీచరమ్మ ఊరు విడిచి వెళ్ళాల్సిన పని పడలేదు. ఇంకా చాలా ఏళ్ళు మాకు పాటలు నేర్పారు, రెండు చేతులతో తాళం వేస్తూ.

ఇంటికి వచ్చాక నాన్నమ్మ అన్నం తినలేదు. నన్ను పెరట్లోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. తానే నా జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. సరిగ్గా ఆ చెయ్యే మడిచింది.

"నాకు తెలుసే. నీకు తలంటినప్పుడే సూసాను. సూసి నోరు మూసుకున్నాను" అంది.

ఆ తర్వాత మెల్లగా, ఆగి ఆగి, తన అక్క గురించి చెప్పింది. పేరు చెప్పకుండా, 'మా అప్ప' అనే చెప్పింది. పెళ్ళీడులో అప్పకు ఆ రోగం వచ్చిందట. ఇంట్లోవాళ్ళు ఊరి చివర పాక వేసి అక్కడ ఉంచారట. "నానే కూడు అట్టుకెల్లీదాన్ని. దూరంగా రాయి మీద పెట్టి వచ్చీదాన్ని. అది పిలిచీది. ఓ పాలి ఇలగ రాయే, నీ ముకం సూస్తాను అనీది. నాను ఎనక్కి తిరిగి సూసీదాన్ని కాదు. ఓ రోజు ఎల్లేతలికి పాక కాళీ. ఎటెల్లిపోయిందో ఇప్పటికీ తెల్దు. అలగ ఎవరైనా గుమ్మంలోకొస్తే అదేనేమోనని భయం నాకు. దేవుడి కోపం అని నీకు సెప్పాను సూడు, కోపం దాని మీద కాదే, నా మీద. అలగని ఇన్నేళ్ళూ అనుకున్నాను."

 టీచరమ్మ నాతో అన్నదే నాకు తెలిసింది. అదే అన్నాను. "ఏసయ్య ముందే ముట్టుకున్నాడు నాన్నమ్మా, తగ్గకముందే." నాన్నమ్మ నన్ను పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ సాయంత్రం ప్రార్థనలో మొదటిసారి ఆ రోగాన్ని దాని పేరుతోనే పిలిచింది. నా పేరు చెప్పింది, టీచరమ్మ పేరు చెప్పింది. చివర మేమెవరమూ ఎప్పుడూ వినని పేరొకటి చెప్పింది. అది ఎవరి పేరో నాకొక్కదానికే తెలుసు. లేచేటప్పుడు ఆమె ముఖం, పెద్ద మూట దించి నిలబడ్డ మనిషి ముఖంలా తేలికగా ఉంది. ఆ రాత్రి ఎంత అన్నం తిందో చూసి అమ్మ నవ్వింది.

నేను ఎనిమిదో తరగతికి వచ్చేసరికి డాక్టరుగారు మాత్రలు ఆపేయమన్నాడు. చదువుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను. పెళ్ళిమాటలప్పుడు ఆయనకు ఈ సంగతి నేనే చెప్పాను. ఆయన విని, "తగ్గిపోయింది కదా" అని కాఫీ తాగారు. చెప్పేముందు నేను పడ్డ భయమంతా ఆ ఒక్క మాటతో తీరిపోయింది.

ఆ రోజునుంచి నేను మోసుకొస్తున్నది ఒకటుంది. మనసులో ఏదో దాచుకుని నలిగిపోతున్న మనిషి ఎదురైతే, ఏమిటి సంగతి అని అడగను. టీచరమ్మ నన్ను అడగలేదు. పక్కన కూర్చుని, ముందు తనది చూపించారు. రెండేళ్ళ క్రితం మా కోడలు వంటింట్లో ఒక మాత్ర గబుక్కున మింగి, నన్ను చూసి మందుల చీటీ గుప్పిట్లో దాచేసింది. నేను చూడనట్టే పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ, నా పదో ఏట జరిగిన ఈ కథంతా చెప్పాను. పిల్లలకు కూడా ఎప్పుడూ ఇంత వివరంగా చెప్పలేదు. ఆమె గింజలు వేరుచేస్తూ విన్నది. నేను ముగించాక, గింజలు గిన్నెలోకి వంపుతూ, "అత్తయ్యా, నాకు కొన్నాళ్ళుగా మనసు బాగుండట్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. తెలిస్తే మీరంతా ఏమనుకుంటారోనని…" అంది. ఆమె చేతిమీద చెయ్యి వేశాను. అంతకుమించి నేనేమీ చెయ్యలేదు.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక, "మాత్ర వేసుకున్నావా అమ్మా?" అని హాల్లోంచే అడుగుతాను. "వేసుకున్నానత్తయ్యా" అని వంటింట్లోంచి గట్టిగా, అందరికీ వినబడేలా చెబుతుంది.